రాలే జుట్టుకు మూడు నెలల లెక్క

(జుట్టు రాలడంపై జరిగిన అవగాహన సభలో ఒక చర్మవైద్యుల ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

మీలో ఇద్దరు ముగ్గురి చేతుల్లో చిన్న చిన్న పొట్లాలు కనిపిస్తున్నాయి. దువ్వెనలోంచి తీసిన జుట్టు దాచి తెచ్చారు. మంచి పని చేశారు, అక్కడినుంచే మొదలుపెడదాం.

పొట్లంలోంచి ఒక్క వెంట్రుక తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ఒక కొసన గుండుసూది మొన కన్నా కాస్త లావుగా తెల్లటి ముడి కనిపిస్తుంది. అది చూడగానే ‘కుదురుతో సహా ఊడొచ్చేసింది, ఇక అక్కడ మొలవదు’ అని చాలామంది బెంబేలెత్తిపోతారు. అది కుదురు కాదండీ. కుదురు చర్మం లోపల భద్రంగానే ఉంది. ఎదగడం ఆగిపోయి, కొన్ని వారాలు ఊరికే అక్కడ నిలబడి, ఆఖరికి పట్టు వదిలిన వెంట్రుక అడుగు అలా ముడిలా ఉంటుంది. పండిన ఆకు తొడిమ లాంటిది. వెంట్రుకకు రెండు కొసల్లోనూ ముడి లేకపోతే అది రాలినది కాదు, మధ్యలో తెగినది. రాలడానికి కారణాలు వేరు, తెగడానికి వేరు. స్ట్రెయిటెనింగ్, రంగులు, తడి జుట్టును గట్టిగా దువ్వడం, బోరునీళ్ల గరుకుదనం, ఇవన్నీ వెంట్రుకను తెంపుతాయి, కుదుర్ని తాకవు. ‘హైదరాబాద్ నీళ్లు పడలేదు, జుట్టంతా పోయింది’ అనేవాళ్లు ముందు ఈ ముడి ఉందో లేదో చూసుకోవాలి. ముడి ఉంటే నీళ్లను వదిలేసి, హాస్టల్లో చేరాక ఏం తింటున్నారో చూడండి. బరువు ఎంత తగ్గారో, ఏ జ్వరం వచ్చి పోయిందో గుర్తుచేసుకోండి.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. వాటిలో నూటికి 85 నుంచి 90 దాకా ఎదిగే దశలో ఉంటాయి. ఈ దశ రెండు నుంచి ఆరేళ్లు నడుస్తుంది, నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో ఎదుగుదల ఆగిపోతుంది. అక్కడినుంచి దాదాపు మూడు నెలలు విశ్రాంతి, ఆ తర్వాత రాలడం. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం ఆరోగ్యంగా ఉన్న తల చేసే పనే.

ఈ మూడు నెలల విశ్రాంతిని మనసులో పెట్టుకోండి, ఇవాళ నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఇవాళ మీ దువ్వెనలో ఉన్న వెంట్రుక ఎదగడం మానేసింది ఇవాళ కాదు, రెండు మూడు నెలల కిందట. వానాకాలంలో డెంగ్యూ వచ్చి తగ్గినవాళ్లకు దీపావళి నాటికి గుప్పెళ్లతో రాలడం మొదలవుతుంది. అప్పటికి జ్వరం సంగతి మరిచిపోయి ఉంటారు. పోయిన వారం మార్చిన షాంపూ గుర్తుంటుంది, నింద దాని మీద పడుతుంది. ఇలా ఒక్కసారిగా రాలడం చాలామందిలో ఆరు నెలల్లోపు దానంతటదే సర్దుకుంటుంది. ఆగే సమయానికి ఏ నూనె వాడుతుంటే పేరు దానికొస్తుంది. వందల రకాల నూనెలు, మాత్రలు, సీరమ్‌లు అమ్ముడుపోవడానికి ఆధారం చాలావరకు ఇదే.

కాబట్టి ఇంట్లో గోడకున్న క్యాలెండర్ దించండి. ఎక్కువగా రాలడం ఎప్పుడు మొదలైందో గుర్తు పెట్టండి. అక్కడినుంచి ఎనిమిది వారాల నుంచి పద్నాలుగు వారాల దాకా వెనక్కి వెళ్లండి. ఆ మధ్యలో పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, ఇంట్లో చావు, గబగబా బరువు తగ్గించిన డైటింగ్, గర్భనిరోధక మాత్రలు ఆపేయడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదైనా ఉందా చూడండి. ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రోయేట్, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ లాంటి మందులకు కూడా ఈ గుణం ఉంది. అనుమానం ఉన్నా మీ అంతట మీరు ఆపకండి, రాసిచ్చిన డాక్టర్నే అడగండి. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది.

బాలింతల సంగతి విడిగా చెప్పాలి. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల వెంట్రుకలు ఎదిగే దశలోనే ఎక్కువ కాలం ఉండిపోతాయి, అందుకే ఆ నెలల్లో జడ లావుగా ఉంటుంది. కాన్పయ్యాక అలా నిలిచిపోయినవన్నీ ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్లి రెండో నెల నుంచి నాలుగో నెల మధ్య రాలడం మొదలవుతుంది. బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి ఎక్కువమందికి సర్దుకుంటుంది. ఇక్కడ అమ్మలకు, అత్తలకు నాదొక మనవి. పథ్యం పేరుతో నెలల తరబడి కారప్పొడి అన్నం పెట్టకండి. పాలిచ్చే తల్లికి పప్పు, గుడ్డు, ఆకుకూర అందరికన్నా ఎక్కువ కావాలి.

రాలినవి లెక్కపెట్టడం గురించి. నాలుగు రోజులకోసారి తలంటుకునే ఆడవాళ్లకు ఆ నాలుగు రోజుల్లో వదులైనవన్నీ తలంటిన రోజే చేతికొస్తాయి. అందుకని ఆ ఒక్కరోజు రెండు వందలు రాలినా అది ఎక్కువేం కాదు. ‘తలంటితే రాలుతోంది’ అని పది రోజులకోసారి పోసుకోవడం మొదలుపెడతారు. రాలాల్సినవి ఎలాగూ రాలతాయి. పైగా చుండ్రు పేరుకుని దురద మొదలై, గోకి గోకి మరికొన్ని పోగొట్టుకుంటారు. చుండ్రు ఉంటే 2 శాతం కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, నురుగు మాడుకు పట్టించి ఐదు నిమిషాలు ఉంచి కడగాలి, నాలుగు వారాలు. రాసిన వెంటనే కడిగేస్తే మందు పనిచేయడానికి వ్యవధే ఉండదు.

రోజూ లెక్కపెట్టకండి. దాని వల్ల తెలిసేది తక్కువ, దిగులు ఎక్కువ. దానికన్నా ఫొటో నయం. నెలకోసారి, అదే కిటికీ దగ్గర, అదే సమయంలో, పొడి జుట్టుతో, నడినెత్తిన పాపిట తీసి ఒకటి, నుదురు, కణతలు కనిపించేలా ఒకటి. ఇంకొకరి చేత తీయించుకోండి. వెలుతురు మారితే పాపిట వెడల్పు మారినట్టు కనిపిస్తుంది, అందుకే అదే కిటికీ అంటున్నాను.

పరీక్షలకు అరవై అంశాల ప్యాకేజీ అక్కర్లేదు. హిమోగ్లోబిన్, రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ, ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, ఇవి చాలామందికి సరిపోతాయి. మాంసం, గుడ్డు ముట్టనివాళ్లకు బీ12 కలుపుతాం. నెలసరి తప్పుతూ, గడ్డం మీద రోమాలు వస్తుంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య కోసం చూస్తాం. ఫెరిటిన్ విషయంలో రెండు మాటలు. రిపోర్టులో 15 ఉన్నా నార్మల్ అని అచ్చు వేసి ఉండొచ్చు. జుట్టు రాలేవాళ్లలో దాన్ని 40 దాటించాలని మాలో చాలామంది చూస్తాం, ఆ గీత ఎక్కడ గీయాలన్న దాని మీద వైద్యులకు ఇంకా ఒక్క మాట లేదు. రెండోది, జ్వరంలో ఉన్నప్పుడు ఫెరిటిన్ అబద్ధంగా పెరుగుతుంది. జ్వరం తగ్గిన కొన్ని వారాలకు చేయించుకోండి.

ఐరన్ మాత్ర వేసుకుని పైన కాఫీ, టీ తాగితే దానిలో చాలావరకు ఒంటికి పట్టదు. పాలు, క్యాల్షియం మాత్ర కూడా అంతే. వీటికీ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి. నిమ్మరసం నీళ్లతో వేసుకుంటే మంచిది. కడుపులో తిప్పితే రోజు విడిచి రోజు వేసుకోవచ్చు. విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడకండి. హిమోగ్లోబిన్ నార్మల్ అయ్యాక కూడా నిల్వ నిండటానికి ఇంకో మూడు నెలలు కొనసాగించాలి. చాలామంది సరిగ్గా అక్కడే ఆపేస్తారు.

ఇక బయోటిన్ అనే విటమిన్. జుట్టుకు అని అడిగితే మందుల షాపులో ముందు చేతికిచ్చేది అదే. బయోటిన్ లోపం చాలా అరుదు, లోపం లేనివాళ్లలో జుట్టు పెంచుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా ఎక్కువ మోతాదు వేసుకుంటూ రక్తపరీక్షకు వెళ్తే థైరాయిడ్ లెక్కలు తప్పుగా రావచ్చు. గుండెపోటును పట్టుకునే ట్రోపోనిన్ పరీక్ష కూడా తప్పుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. వేసుకుంటుంటే ఆ సంగతి ల్యాబ్‌కీ డాక్టర్‌కీ చెప్పండి. విటమిన్ ఏ, సెలీనియం ఎక్కువైతే ఉన్న జుట్టు కూడా రాలుతుంది. రెండు మూడు రకాల మల్టీవిటమిన్లు కలిపి మింగేవాళ్లు సీసాల వెనక రాసింది చదవండి.

మాత్రల కన్నా పళ్లెం ముఖ్యం. రోజుకు కిలో బరువుకు దాదాపు 0.8 గ్రాముల ప్రోటీన్ కావాలి, 55 కిలోల మనిషికి సుమారు 44 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో సుమారు 7, గుప్పెడు వేరుశనగల్లో మరో 7. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం చారన్నం, రాత్రి పెరుగన్నంతో ముగించేవాళ్లు ఒకసారి కూడి చూసుకోండి, చాలామందికి ఆ లెక్క అందదు.

నూనెల గురించి అడుగుతారని తెలుసు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, తలంటినప్పుడు పోయే ప్రోటీన్‌ను తగ్గిస్తుందని తేలింది. అంటే తెగడం తగ్గుతుంది. కుదురులో కొత్తగా మొలిపించదు. గుంటగలగరాకు, మందారం, మెంతులు వేసి కాచిన నూనెతో హాని లేదు, ఇష్టంగా రాసుకోండి, దాన్నే చికిత్స అనుకుని ఏడాది పోగొట్టుకోకండి. తిరుమలలో తలనీలాలు ఇవ్వడం మొక్కు, భక్తి. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్నది మాత్రం నిజం కాదు. కత్తి కోసేది చర్మం పైనున్న భాగాన్నే. కోసిన మొన మొద్దుగా ఉండటం వల్ల చేతికి గరుకుగా, చూపుకు ఒత్తుగా అనిపిస్తుంది.

వీటన్నిటికీ వేరైనది వంశంలో వచ్చే పలచబడటం. ఇక్కడ వెంట్రుక రాలడం కన్నా సన్నబడటం అసలు సంగతి. ఎదగడం, ఆగడం, రాలడం అనే ప్రతి చుట్టుకూ ఎదిగే కాలం తగ్గి, వెంట్రుక సన్నగా, పొట్టిగా, చివరికి నూగులా అయిపోతుంది. మగవాళ్లలో కణతలు, నడినెత్తి. ఆడవాళ్లలో ముందు వరస అలాగే ఉండి పాపిట వెడల్పవుతుంది. మీ పొట్లంలో మూడు సెంటీమీటర్లు కూడా లేని సన్నటి వెంట్రుకలు చాలా కనిపిస్తే ఇది అనుమానించాలి. ఇది దానంతటదే సర్దుకోదు. మందు ఎంత ముందు మొదలుపెడితే అంత నిలుస్తుంది.

దీనికి తలకు రాసే మందు మినాక్సిడిల్. అది మొదట బీపీ మాత్ర. వాడినవాళ్లకు ఒళ్లంతా రోమాలు రావడం చూసి తలకు రాసే మందు చేశారు, 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. మగవాళ్లకు 5 శాతం ద్రావణం ఒక మిల్లీలీటరు చొప్పున రోజుకు రెండుసార్లు. ఆడవాళ్లకు 2 శాతం రెండుసార్లు గానీ, 5 శాతం ఒక్కసారి గానీ, ఏది అన్నది డాక్టర్ చెబుతారు. ఎలా రాయాలో నిదానంగా చెప్తాను, ఎందుకంటే మందు పనిచేయలేదని వచ్చేవాళ్లలో చాలామంది రాసే తీరులోనే పొరపాటు ఉంటుంది.

తల పూర్తిగా ఆరి ఉండాలి. నూనె ఉండకూడదు. పలచగా ఉన్నచోట వేలెడు ఎడంతో నాలుగైదు పాపిటలు తీయండి. డ్రాపర్‌తో ఒక మిల్లీలీటరు కొలిచి, ప్రతి పాపిటలో చర్మం మీద చుక్కలు పెట్టి వేలి కొసతో అద్దండి. వెంట్రుకలకు పూస్తే మందు అక్కడే ఎండిపోతుంది. చేతులు కడుక్కోండి. నాలుగు గంటలు తల తడపకండి. రాత్రి రాసేవాళ్లు పడుకోవడానికి రెండు గంటలైనా ముందు రాయాలి. లేకపోతే దిండుకు అంటి, అక్కడినుంచి చెంపలకు అంటి, ముఖం మీద రోమాలు వస్తాయి. ద్రావణంలో ఆల్కహాల్ ఉంటుంది, ఆరేదాకా పొయ్యి దగ్గరికి, దీపం దగ్గరికి వెళ్లకండి. ఇంట్లో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త. ఈ మందు కొద్దిగా నాకినా పిల్లికి ప్రాణాంతకం.

సరిగ్గా రాస్తున్నారో లేదో సీసాయే చెబుతుంది. 60 మిల్లీలీటర్ల సీసా రోజుకు రెండుసార్లు రాసేవాళ్లకు 30 రోజులు, ఒక్కసారి రాసేవాళ్లకు 60 రోజులు రావాలి. మూడు నెలలు వస్తోందంటే మీరు రాయడం లేదన్నమాట. ముందే అయిపోతోందంటే ఎక్కువ రాస్తున్నారు. ఎక్కువ రాస్తే ఎక్కువ మొలవదు, తలనొప్పి, గుండెదడ రావచ్చు. దురద, పొరలు లేవడం చాలాసార్లు ద్రావణంలో కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్ వల్ల వస్తుంది. అది లేని నురుగు రకానికి మారితే తగ్గుతుంది. కాళ్ల వాపు, ఛాతీనొప్పి వస్తే ఆపి డాక్టర్ని కలవండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. నోటి ద్వారా తక్కువ మోతాదు మినాక్సిడిల్ కూడా ఇప్పుడు ఇస్తున్నారు గానీ అది బీపీ, గుండె చూసి డాక్టర్ మొదలుపెట్టాల్సిన మాత్ర.

ఒక పొరపాటు తరచూ జరుగుతోంది. కొన్ని సీసాల్లో మినాక్సిడిల్‌తో ఫినాస్టరైడ్ కూడా కలిపి ఉంటుంది. భర్త సీసాలోది భార్య రాసుకుంటుంది. ఫినాస్టరైడ్ గర్భంలోని మగశిశువు అంగాల ఎదుగుదలను దెబ్బతీయగలదు. లేబుల్ మీద పేర్లన్నీ చదివాకే మూత తీయండి.

ఫినాస్టరైడ్ మగవాళ్లకు రోజుకు ఒక మిల్లీగ్రాము మాత్ర. టెస్టోస్టిరాన్‌ను డీహెచ్‌టీగా, అంటే వెంట్రుకను సన్నబరిచే హార్మోనుగా మార్చే ఎంజైమును అడ్డుకుంటుంది. ఆ ఎంజైము పుట్టుకతోనే లోపించిన డొమినికన్ రిపబ్లిక్ కుటుంబాల గురించి 1974లో పరిశోధన పత్రం వచ్చింది, ఆ మగవాళ్లకు బట్టతల రాకపోవడం ఈ మందుకు దారి చూపింది. కొద్దిమందిలో కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్య వస్తాయి. మనసు కుంగడం, చనిపోవాలన్న ఆలోచనలు కూడా నమోదయ్యాయి. ఇంతకుముందు డిప్రెషన్ ఉంటే దాచకుండా చెప్పండి. యాభై దాటినవాళ్లు ప్రోస్టేట్ కోసం పీఎస్‌ఏ పరీక్ష చేయించుకుంటే ఈ మాత్ర సంగతి చెప్పాలి, ఇది ఆ అంకెను సగానికి తగ్గిస్తుంది, నిజం కప్పబడిపోతుంది. వాడుతున్నప్పుడూ, ఆపిన నెల రోజుల దాకా రక్తదానం చేయకండి.

నాణెమంత గుండ్రంగా, నున్నగా జుట్టు ఊడితే మనవాళ్లు పేనుకొరుకుడు అంటారు. పేను కొరకదు. సొంత రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద పడటం వల్ల వస్తుంది. గురివింద గింజ నూరి రాయకండి, అందులో ఉన్నది విషం, చర్మం పుండు పడుతుంది. చిన్న మచ్చలు కొన్ని నెలల్లో వాటంతటవే నిండుతాయి. నిండకపోతే మచ్చలో ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ఇస్తాం. తలంతా పోయినవాళ్లకు బారిసిటినిబ్ లాంటి మాత్రలు 2022 నుంచి అందుబాటులోకి వచ్చాయి. మాడు మీద మంట, ఎర్రదనం ఉండి, కుదుళ్ల రంధ్రాలే కనిపించకుండా మెరుస్తుంటే మాత్రం వాయిదా వేయకండి. అది మచ్చగా మారిపోయే రకం, పోయినది మళ్లీ రాదు.

పీఆర్‌పీ, అంటే మీ రక్తంలోంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవాన్ని మాడులోకి ఎక్కించడం, కొందరికి ఉపయోగపడుతుంది, తయారు చేసే పద్ధతి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఫలితమూ ఒక్కోలా ఉంటుంది. వెంట్రుకలు నాటే ఆపరేషన్ గురించి ఒక్క మాట. నాటిన వెంట్రుకలు మొదటి నెలలో చాలావరకు రాలిపోతాయి, మూడు నాలుగు నెలలకు మొలుస్తాయి, పూర్తి రూపానికి ఏడాది. చుట్టూ ఉన్న సొంత జుట్టును కాపాడే మందు ఆపకూడదు. కోసేది, నాటేది ఎవరో, వాళ్లు డాక్టర్లో కాదో ముందే అడగండి.

ఈలోగా బతుకు ఆగదు కదా. పాపిట పక్కకు మార్చండి. బిగుతు జడ, ఎప్పుడూ ఒకేచోట లాగి కట్టే పోనీటెయిల్ మానండి, కణతల దగ్గర లాగి లాగి అక్కడ శాశ్వతంగా పోతుంది. సవరం పెట్టుకుంటే తేలికదే పెట్టుకోండి, రాత్రి తీసేయండి. పాపిట కప్పే నల్లటి ఫైబర్ పొడి వాడటంలో తప్పేమీ లేదు, మందు ఆరాక చల్లుకోండి. పెళ్లిలో కనిపించగానే ‘జుట్టంతా ఏమైందే’ అని అడిగే పిన్నులు, అత్తయ్యలు ఆ మాట మానేస్తే బాగుండు. ఆ మాటకు భయపడి ఫంక్షన్లకు వెళ్లడం మానేసినవాళ్లు ఉన్నారు. నిద్ర పట్టకుండా, అద్దం చూడలేకుండా అయిపోతే అది కూడా డాక్టర్‌కి చెప్పాల్సిన లక్షణమే.

(ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మాయి మినాక్సిడిల్ మొదలుపెట్టి ఆరు వారాలైంది. ముందుకన్నా ఎక్కువ రాలుతోంది. ఆపేయమన్నాను. తప్పు చేశానా?)

మీరనే కాదమ్మా, ఈ మందు ఎక్కువమంది ఆపేసేది సరిగ్గా ఈ వారాల్లోనే. రెండో వారం నుంచి ఎనిమిదో వారం దాకా అలా రాలుతుంది. విశ్రాంతిలో ఉన్నవాటిని కింద కొత్తగా మొలిచేవి బయటికి నెడతాయి. డాక్టర్ రాసిచ్చిన మందే అయితే, మాడు మీద మంట, పుండు లేకపోతే మళ్లీ మొదలుపెట్టించండి. నాలుగు నెలలకు ముందు ఏ తీర్పూ చెప్పకండి, గట్టిగా తేల్చుకోవడానికి ఏడాది కావాలి. బాగా వచ్చిందని ఆపితే మూడు నుంచి ఆరు నెలల్లో వచ్చిందంతా పోతుంది, అది కూడా ఇప్పుడే చెప్పండి అమ్మాయికి.

నాలుగో నెలలో ఇంకొక పని చేయండి. అమ్మాయి నుదుటి దగ్గర జుట్టు వెనక్కి దువ్వి, తెల్ల కాగితం ఒకటి వెనక ఆనించి, పక్కనుంచి వెలుతురు పడేలా చూడండి. వేలెడు కూడా లేని పొట్టి వెంట్రుకలు నిలబడి ఉంటాయి. వాటి కొసలు చూడండి. మొద్దుగా ఉంటే పాతవి తెగినవి. సూదిలా సన్నగా మొనదేలి ఉంటే కొత్తగా పుట్టినవి.